జోగారావు పుస్తకంలో నా పేజీ

జోగారావు ఫోన్ చేసి, మేడమీది గది ఖాళీ చేసేస్తున్నాననీ, నా సరుకు ఒకటి తన దగ్గర ఉండిపోయిందనీ, వచ్చి పట్టుకుపొమ్మనీ చెప్పిన నాటినుంచి నేను ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. రాయాల్సిన వ్యాసాలు రెండు మూల పడ్డాయి. పుస్తకం తెరుస్తాను, మూసేస్తాను. పెరట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్ళానో మరిచిపోయి తిరిగొస్తాను. కాలుకాలిన పిల్లిలా ఏమిటా తిరగడం అని మా ఆవిడ విసుక్కుంటోంది. ఆవిడకి ఏం చెప్పను? పదిహేడో ఏట ఒక కంప్యూటర్ ఆట ఆడి నేను రాసిన పేజీ ఒకటి దొరికిందనీ, దానివల్ల ఇలా అయిపోయాననీ చెబితే, నలభై దాటిన మనిషి మాట్లాడే మాటేనా అంటుంది. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. రాసుకోవడమూ ఆ పేజీతోనే మొదలైంది కాబట్టి, దీనికి ఇంకో చోటు లేదు.

జోగారావు గజపతినగరంలో సైకిల్ షాపు పైన కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. రైలుపెట్టెలాంటి పొడుగాటి గది, ఆరు కంప్యూటర్లు, తల తిప్పడం మానేసిన ఒక టేబుల్ ఫ్యాను. పొద్దుటిపూట టైపింగులూ, పరీక్షా ఫలితాలూ. మధ్యాహ్నం మూడు దాటిందంటే ఆటలు. ఆటల్లో మాకు ప్రాణం ఒక్కటే. దాని అసలు పేరు డబ్బా మీద ఇంగ్లీషులో బారెడు ఉండేది, ఎవరికీ నోరు తిరిగేది కాదు. మేం ఎర్రమట్టి ఆట అనేవాళ్ళం. ఎప్పుడో రాబోయే కాలంలో, ఎక్కడో ఎర్రమట్టి గ్రహం మీద, నీలంరాయి తవ్వుకోడానికి మనుషులు రెండు సైన్యాలుగా కొట్టుకుంటారు. రాయి మోసే బండ్లు పంపాలి, ఆ రాయితో ఫ్యాక్టరీలు కట్టాలి, ఫ్యాక్టరీల్లో ట్యాంకులు చేయించాలి, వాటితో అవతలివాడి మీద పడాలి. చదరంగంలోలా నీ ఎత్తు తర్వాత నా ఎత్తు అని వంతులుండవు. నువ్వు ఆలోచిస్తూ కూర్చుంటే అవతలివాడు ఆగడు. పైగా నీ బలగం నిలబడ్డ మేరకే నీకు కనపడుతుంది, మిగతా పటమంతా నల్లటి మసక. పక్కనున్నవాడు నీ జట్టువాడే అయినా అతని పెరట్లో ఏం జరుగుతోందో నీకు తెలియదు. పుట్టుకతో తొందరమనిషిని నేను. ఆ ఆట నా ఒంటికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

జోగారావుకి ఒక పిచ్చి ఉండేది. బస్టాండులో మేకుకి వేలాడే ఫిర్యాదుల పుస్తకం చూసి ముచ్చటపడి, తన గదిలోనూ ఒకటి పెట్టాడు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం, పురికొసతో కట్టిన పెన్ను. మొదటి పేజీలో 'అభిప్రాయములు' అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఆడినవాడు లేచి వెళ్ళేముందు అందులో ఒక్క ముక్కయినా రాయాలి, రాయనివాడికి మర్నాడు సీటు లేదు. సెంటరు బాగుందని రాస్తారని ఆయన ఆశ. మేమేమో ఆట మీద పడ్డాం. సొంత పేర్లు ఎవరూ పెట్టేవారు కాదు, ఆటలో పెట్టుకున్న పేర్లే సంతకాలు. ఇప్పుడు ఆ పుస్తకం నా బల్లమీదే ఉంది. రెండు లారీలున్న ఒకాయన, "రాయి మోసే బండికి దగ్గరి దారి తప్ప ఇంకేమీ తెలియదు. శత్రువు తుపాకుల ముందునుంచే పోవును. మా డ్రైవర్లు నయము" అని రాశాడు. రైస్ మిల్లులో గుమస్తా, "ఇంతమంది పనివాళ్ళు, ఒక్కడూ అన్నం తినడు, నమ్మబుద్ధి కాదు" అన్నాడు. డిగ్రీ కుర్రాడొకడు రెండో సైన్యానికి బలం ఎక్కువ ఇచ్చారని, ఇది కంపెనీవాళ్ళ పక్షపాతమని, నాలుగు పేజీలు వాదించి ఐదో పేజీలో తనూ ఆ సైన్యానికే మారిపోయాడు. ఇంకెవరో, "నా ఇంటిపక్క ఏమి జరిగేది నాకే కనపడనివ్వరు, ఇదెక్కడి న్యాయము" అని రాసి సంతకం మానేశాడు. మెల్లగా ఆట మీద అభిప్రాయాలు పోయి ఆడేవాళ్ళ మీద అభిప్రాయాలు మొదలయ్యాయి. ఫలానావాడు ముందే మీద పడతాడు, ఫలానావాడు ఓడిపోయేముందు తీగ పీకేస్తాడు. నేను నాగావళి అన్న పేరుతో రాసేవాణ్ణి. నా రాతలు చదవడానికే కొందరు పుస్తకం చుట్టూ నిలబడేవారు. అది నాకు తెలుసు. ఎవరో చదువుతుంటే వీపు మీద చీమ పాకినట్టుండేది, ఆట మీద మనసు నిలిచేది కాదు.

మాది చింతపండు వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు. మాఘం వెళ్ళేసరికి కొండమీది సంతల నుంచి బుట్టలకి బుట్టలు దిగేవి. ఇక వేసవి అయ్యేదాకా ఇల్లంతా ఆ పులుపు వాసనే, దుప్పట్లలోనూ అదే, తాగే మంచినీళ్ళలోనూ అదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మా, పెద్దమ్మా, అప్పా వెనక వసారాలో కూర్చుని పిక్కలు తీసేవారు. అప్ప అంటే నాకన్నా అయిదేళ్ళు పెద్దదైన మా అక్క, సుశీల. విజయనగరంలో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉండేది. నేనూ కాసేపు కూర్చుని, నాలుగు పిక్కలు తీసినట్టు నటించి, ఆ చేతులతోనే జోగారావు మేడకి పరిగెత్తేవాణ్ణి. నా వల్ల కీబోర్డులో అక్షరాలు అంటుకుపోతున్నాయని ఆయన గుమ్మంలో చెంబుతో నీళ్ళు పెట్టించాడు.

నాన్న పోయాక మా ఇంటికి పెద్ద పెదనాన్నే. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. భోజనం చేసి, కొట్టు తలుపు ఒక రెక్క వేసి, బస్తాల మధ్య చాప పరిపించి గంటసేపు పేకాట ఆడేవాడు. పందెం ఉండేది కాదు. కొత్త మనిషితో వ్యాపారం కలిసేముందు అతన్ని భోజనానికి పిలిచి, తర్వాత ఆ చాపమీద కూర్చోబెట్టేవాడు. ముక్కలు చేత పట్టినవాడు తన గుణం దాచుకోలేడని ఆయన నమ్మకం. తోడు ఆడేవాడు చెత్త ముక్క వేస్తే మొహం చిట్లిస్తాడా, ఓడినప్పుడు ఎవరి మీదికి నెడతాడు, గెలిచినప్పుడు ఎంతసేపు నవ్వుతాడు, ఇవన్నీ చూసి, సాయంత్రానికి ఔననో కాదనో తేల్చేసేవాడు. ఊళ్ళో కొందరు నవ్వుకునేవారు గానీ ఆయన అంచనా తప్పిందని మాత్రం ఎవరూ అనగా నేను వినలేదు. ఈ సంగతి ఇంత పొడుగ్గా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన చేసిన పని మూర్ఖత్వం కాదని మీకు తెలియాలి. ఆయన పద్ధతిలో ఆయన సరిగ్గానే చేశాడు.

మోహన్ బావది కొత్తవలస. స్టేషన్ రోడ్డులో వాళ్ళకి ఇనప సామాన్ల కొట్టు ఉండేది. పెద్దమ్మకి దూరపు చుట్టరికం, వరసకి నాకు బావ. వారానికో రోజు మా ఊరి కొట్లలో ఆర్డర్లు రాసుకోడానికి వచ్చి, పని చూసుకుని, సాయంత్రం రాయగడ నుంచి పాసింజరు వచ్చేదాకా జోగారావు మేడమీద కూర్చునేవాడు. ఆటలో అతని పేరు ఇనపమేకు. నాకు పూర్తిగా ఎదురు మనిషి. ట్యాంకులు కాలిపోతున్నా కుర్చీలో వెనక్కి వాలి, చేత్తో గడ్డం రుద్దుకుంటూ ఆడేవాడు. నేను పక్కనుంచి గోల చేస్తుంటే, "ఉండరా బామ్మర్దీ, ఉండు" అనేవాడు. ఆ బామ్మర్ది అన్న మాటకి అప్పటికే ఇంట్లో అర్థం పుట్టింది. అతను వచ్చిన రోజు పెద్దమ్మ అప్పని ఏదో ఒకటి అని ఏడిపించేది. అప్ప తల వంచుకుని పిక్కలు తీసేది. ఆ తల వంచడం చూసి ఇష్టమేననుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం.

అప్పుడు వచ్చింది ఆ ఆదివారం. బొబ్బిలి నుంచి ఇద్దరు అన్నదమ్ములు ఆడటానికి వచ్చారు, ఓటమి ఎరగనివాళ్ళని పేరు. వాళ్ళిద్దరూ ఒక జట్టు, నేనూ మోహన్ బావా ఒక జట్టు. గది నిండా జనం, సగంమంది మెట్లమీద. నా స్థావరానికీ బావ స్థావరానికీ మధ్య గెడ్డవాగులాంటి లోతైన లోయ, దానిమీద ఒకే ఒక్క వంతెన. అరగంట గడిచాక బొబ్బిలివాళ్ళు ఇద్దరూ కలిసి నామీదే పడ్డారు. నా బండ్లు కాలిపోయాయి. కుడివైపు గోడ పడిపోయింది. తెరంతా పొగ, ఎటునుంచి ఎవరు వస్తున్నారో తెలియడం లేదు. కనపడ్డ ప్రతిదాని మీదా కాల్చమని నొక్కేస్తూ, "బావా రా, బావా రా" అని అరుస్తున్నాను. అతను తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "వస్తన్నాను, వస్తన్నాను" అన్నాడు. వంతెన కూలిపోయింది. ఎవరూ రాలేదు. నా ఆఖరి ఫ్యాక్టరీ కాలి నా తెర బూడిదరంగుకి తిరిగిన కాసేపటికి, మోహన్ బావ లోయ చుట్టూ తిరిగి వెళ్ళి, కాపలా లేని బొబ్బిలివాళ్ళ స్థావరాలు రెండూ పడగొట్టాడు. గెలిచాం. గదిలో అందరూ అతని వీపు చరిచారు. నేను చచ్చిపోయిన నా తెర ముందు కూర్చునే ఉన్నాను. అతను భుజం మీద చెయ్యి వేయబోతే తోసేశాను. అతను పుస్తకంలో ఒక ముక్క రాసి, బండి టైమైందని వెళ్ళిపోయాడు.

తర్వాత పెన్ను నేను తీసుకున్నాను. పైన 'ఇనపమేకు గురించి' అని రాసి, ఒక్క కొట్టివేత లేకుండా పేజీ నింపాను. ఇప్పుడు చదివితే ఒళ్ళు మండిపోతోంది గానీ, ఆ పేజీ బాగానే రాశాను, అదే నా బాధ. ఆఖరి వాక్యాలు ఇవి: "వస్తన్నానంటూనే దారి మార్చుకుంటాడు. మెత్తగా మాట్లాడతాడు, అందుకే మోసపోతాం. తనవాడు తగలబడుతున్నా వీడి కన్ను గెలుపు మీదే ఉంటుంది. ఇలాంటివాడి చేతుల్లో ఎవరూ తమవాళ్ళని పెట్టకండి." కింద నాగావళి. రాసేసి మెట్లు దిగుతుంటే, ఓడిపోయిన సంగతే మరిచిపోయాను, అంత తేలిగ్గా ఉంది.

కొన్ని వారాల తర్వాత కొత్తవలసవాళ్ళు అప్పని అడుగుతూ కబురు పంపారు. పెదనాన్న వాకబు మొదలుపెట్టాడు. మా వైపు ఒక పద్ధతి ఉంది. సంబంధం వాకబుకి వస్తే ఎవరూ పెదవి విప్పరు. కుదిరిన పెళ్ళి చెడగొట్టిన పాపం తమకి చుట్టుకుంటుందని భయం, మంచివాడని చెబితే రేపు ఏమైనా అయితే ఆ మాట పడాలని ఇంకో భయం. అందరూ టీ ఇచ్చి పంపేస్తారు. పెదనాన్నని కూడా అలాగే పంపేశారు. చివరికి ఎవరో, ఆ అబ్బాయి వారం వారం జోగారావు మేడమీద ఆట ఆడతాడని చెప్పారు. ఆట అనగానే పెదనాన్నకి దారి దొరికింది. అంతకుముందు ఆ మెట్లు ఎన్నడూ ఎక్కని మనిషి, ఒక మధ్యాహ్నం చేతికర్ర పట్టుకుని పైకి వచ్చాడు. నేను చివరి కంప్యూటర్ దగ్గర ఉన్నాను. నావైపు చూడలేదు. జోగారావు కుర్చీ వేసి, సంగతి విని, రెండు చేతులూ జోడించి, "మంచీ సెడ్డా నా నోటంట రాదు బాబూ. ఆడినోళ్ళు రాసిన పుస్తకం ఉన్నాది, అందులో ఇనపమేకంటే ఆ బాబే, సదూకోండి" అని ఎర్ర అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టాడు.

పెదనాన్న కళ్ళజోడు సవరించుకుని అరగంట చదివాడు. ఇనపమేకు గురించి అందులో మంచి మాటలు లేకపోలేదు. నెమ్మదస్తుడు అని ఒకరు, ఓడినా గొడవ పెట్టడు అని ఇంకొకరు, కొత్తవాళ్ళకి నేర్పుతాడని మరొకరు. అన్నీ పొడి మాటలు. నా పేజీలో మాత్రం మనిషి నిలబడి కనిపిస్తాడు. ఆయన నా పేజీ దగ్గర వేలు ఆపడం, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవడం, నేను తెరమీంచి చూస్తూనే ఉన్నాను. లేచి, పెదనాన్నా అది కోపంలో రాసిందని చెప్పడానికి నాలుగడుగులు చాలు. నేను లేవలేదు.

ఆ సాయంత్రం నేను పెరుగన్నం తింటుండగా ఆయన అమ్మకీ పెద్దమ్మకీ చెప్పాడు. "ఎవులోగానీ, మడిసిని సదివినోడు రాసినాడు. పది మాటల్లో గుణమంతా సెప్పీసినాడు. అలాటోడికి మన పిల్లనెలాగ ఇస్తాం?" అన్నాడు. అమ్మ గుమ్మం చాటునుంచి, అది ఆట కదా బావగారూ అంది. "ఆట గనకే బయటపడ్డాది," అన్నాడాయన. నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. మనిషిని చదివినవాడట. బడిలో తెలుగు మాస్టారు కూడా నన్ను అంత మాట అనలేదు. ఆ క్షణంలో నాకు అప్ప గుర్తు రాలేదని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాలేదు. ఆ మాట ఇంకోసారి అంటాడేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. మర్నాడు చెబుదాంలే అనుకున్నాను, ఆ మర్నాడు కూడా అలాగే అనుకున్నాను. ఈలోగా జాతకాలు కుదరలేదని కొత్తవలసకి కబురు వెళ్ళిపోయింది. మోహన్ బావ మా ఊరి ఆర్డర్లకి ఇంకెవరినో పంపడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది అప్పకి శ్రీకాకుళంలో స్టీలు సామాన్ల కొట్టువాళ్ళింటికి పెళ్ళి చేశారు. నేను రాస్తూ పోయాను. కథలు అచ్చయ్యాయి, నలుగురూ మెచ్చుకున్నారు. ఏ మెప్పు విన్నా దాని వెనకాల పెదనాన్న గొంతు ఉండేది.

అదీ నేను ఇన్నేళ్ళుగా మోస్తున్న కథ. అయితే మొన్న జోగారావు నా చేతిలో పెట్టింది ఒక్క పుస్తకమే కాదు. మంచి ఆటలనుకున్నవి ఆయన డిస్కుల్లో దాచి ఉంచేవాడట. ఆ ఆట తనలో జరిగిందంతా గుర్తుంచుకుంటుంది, తర్వాత మసక తీసేసి నలుగురి వైపునుంచీ చూసుకోవచ్చు. బొబ్బిలివాళ్ళతో ఆడిన ఆదివారం కూడా ఒక డిస్కులో ఉంది. మూలనున్న పాత కంప్యూటర్ పెట్టె ఒకటి ఇంకా పనిచేస్తోంది. ఇద్దరం స్టూళ్ళు లాక్కుని కూర్చున్నాం. చిన్న చిన్న బొమ్మలు, చీమల్లా. నా స్థావరం కాలిపోవడం మొదలైంది. అదే సమయానికి లోయ అవతల మోహన్ బావ తన దగ్గరున్న ట్యాంకులన్నీ పోగుచేసి, ఇంటిదగ్గర ఒక్కటీ ఉంచుకోకుండా, వంతెన వైపు నడిపించాడు. ముందున్నవి వంతెన సగం దాటాయి. అప్పుడు నా ఫిరంగులు అటు తిరిగాయి. పొగలో కనపడ్డ ప్రతిదాని మీదా కాల్చమన్నాను కదా. వంతెన కూలింది. మీదున్న ట్యాంకులు లోయలో పడిపోయాయి. మిగిలినవి అంచున నిలబడిపోయాయి. అవి అటూ ఇటూ దారి వెతుక్కోవడం చాలాసేపు కనపడింది. ఆ తర్వాతే అతను చుట్టూ తిరిగి వెళ్ళాడు.

జోగారావు పుస్తకం తెరిచి నా పేజీకి పైనున్న వాక్యం చూపించాడు. మోహన్ బావ ఆరోజు బండి ఎక్కేముందు రాసింది. "గెలిచాము. ఈ ఆటలో వంతెనలు మరీ బలహీనముగా కట్టినారు. సరిచేయవలెను." ఆ వేళ అది చదివి, నేను చచ్చిపోతే వీడికి వంతెనల గోల అనుకున్నాను. తన బామ్మర్ది వంతెన కూల్చాడని అంతమందిలో రాయడం ఇష్టంలేక తప్పు ఆట మీద వేశాడని నాకు తట్టలేదు. మనుషుల్ని చదివినవాణ్ణి నేను. జోగారావుని, నీకు తెలుసా అని అడిగాను. డిస్కు చూసుకున్నప్పుడే తెలిసిందనీ, అప్పటికి సంబంధం మాట నడుస్తోంది కాబట్టి మధ్యలో దూరడమెందుకని ఊరుకున్నాననీ నేల చూస్తూ చెప్పాడు.

అప్పటినుంచి ఈ కాలుగాలిన తిరుగుడు ఇంకా ఎక్కువైంది. ఆ ఆటకి ఈమధ్య కొత్త రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. నెట్‌లో దానిమీద అభిప్రాయాలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి, రోజూ చదువుతున్నాను. బండ్లకి దారి తెలియదని ఇప్పటికీ తిడుతున్నారు. ఫలానా పేరుగలవాడితో జట్టు కట్టకండి, నమ్మించి ముంచుతాడని ఎవరో ఎవరి గురించో రాస్తూనే ఉన్నారు. ఇవాళ హోటల్లో దోసె తిన్నా, డాక్టరు దగ్గర మందు రాయించుకున్నా, చుక్కలు ఎన్ని ఇస్తావని ఫోన్ అడుగుతుంది. మా రోజుల్లో ఇంత లేదు అని రాయాలని ఉంది గానీ రాయలేను. మా రోజుల్లో ఒక్క పుస్తకం, ఒక్క పెన్ను, అంతే తేడా. చదివి నమ్మేసేవాళ్ళూ ఉన్నారు, తెలిసీ ఊరుకునేవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు రాసినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. అప్పుడు రాసినవాడు అదే ఇంట్లో పెరుగన్నం తింటున్నాడు.

ఒకరోజు రైలెక్కి కొత్తవలసలో దిగాను. కొట్టు అక్కడే ఉంది, పెద్దదైంది. మోహన్ బావ జుట్టు పోయింది, మేకులు తూకం వేస్తూ ఎవరితోనో నవ్వుతున్నాడు. ఎదురుగా టీకొట్లో రెండు టీలు తాగాను. ఏమని చెప్పాలి, వంతెన నేనే కూల్చానని చెప్పాలా? అది అతనికి మొదటినుంచీ తెలుసు. వచ్చిన దారినే వెనక్కి రైలెక్కాను. చెప్పాల్సింది అతనికి కాదని తేల్చుకుని, ఇంటికి కూడా వెళ్ళకుండా విజయనగరంలో దిగి, బస్సు కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కాను. దారిపొడవునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను, కూర్చినవి చెరిపేసుకుంటూనే ఉన్నాను.

అప్ప కొట్లోనే ఉంది. అప్ప భర్త, మా బావగారు, భోజనానికి వెళ్తే ఇప్పుడు కౌంటర్లో తనే కూర్చుంటుంది. నన్ను చూసి, ఒంట్లో బాగానే ఉందా, చెప్పాపెట్టకుండా వచ్చావేమిటని అడిగింది. వెనక గదిలో బిందెల మధ్య కూర్చుని మొదటినుంచీ చెప్పాను. పుస్తకం, నా పేజీ, పెదనాన్న మాట, నా పొగరు, డిస్కు, వంతెన. దాచకుండా చెప్పాను. మధ్యలో ఎవరో పాలగిన్నె కోసం వస్తే లేచి చూపించి వచ్చింది. చెప్పడం అయిపోయాక, "నీ బతుకు నేనే పాడుసేసినానప్పా" అన్నాను.

అప్ప నన్ను అలాగే చూసింది. "నా బతుకు పాడయ్యిందని నీకెవులు సెప్పినారు?" అంది.

మోహన్ బావంటే నీకు ఇష్టం కదా అని నసిగాను.

"అతని మొకమే నాకు సరిగ్గా గుర్తునేదు. మంచోడే అయ్యుంటాడు," అంది. చీరకొంగుతో ఒక గిన్నె మీద దుమ్ము తుడుస్తూ, కోపం లేకుండా, సరుకు పేర్లు చదివినట్టు చెప్పుకుపోయింది. "వంతెన ఎవులు కూల్సితే నాకేటిరా. పెదనాన్న ఊరిని అడిగినాడు, పుస్తకాన్ని అడిగినాడు. కాదన్నప్పుడు నన్నడగనేదు. ఇక్కడికి ఇచ్చినప్పుడూ నన్నడగనేదు. నాకు ఇష్టమని నువ్వే అనీసుకున్నావు, అది పోయిందని నువ్వే ఏడస్తన్నావు. ఇన్నేళ్ళలో నీకైనా నన్ను అడగాలనిపించిందేటి?"

ఇప్పుడు అడిగాను. మరి అప్పుడు నీకేం కావాలనుండేదప్పా అని.

అప్ప గిన్నె పక్కన పెట్టింది. నవ్వు వచ్చింది తనకి. "ఆ ఆట ఆడాలనుండేది," అంది. "రోజూ వచ్చి కథలు సెప్పీవోడివి కదా, పిక్కలు తీస్తూ అన్నీ మనసులో ఆడుకునీదాన్ని. నన్నూ ఒకపాలి జోగారావు మేడకి తీస్కెల్లమని రెండుసార్లు అడిగినాను నిన్ను. ఒకసారి నవ్వీసినావు. రెండోసారి, ఆడపిల్లవి నీకేటి తెలుస్తాదని అన్నావు."

లారీ ఆయన రాసిన ముక్క నాకు గుర్తుంది. బొబ్బిలివాళ్ళ చొక్కాల రంగు గుర్తుంది. పెదనాన్న అన్న ప్రతి మాటా గుర్తుంది. అప్ప అడిగిన ఆ రెండుసార్లూ నాకు గుర్తు లేవు. అక్కడే కూర్చుని వెతుక్కున్నాను. వసారాలోనా, బావి దగ్గరా, ఏ పూట, ఎవరున్నారు. అడిగినప్పుడు తన మొహం ఎలా ఉంది, నేను నవ్వాక ఎలా అయింది. ఒక్క ముక్క కూడా రాలేదు. జ్ఞాపకాలు రాసుకునే మనిషిని నేను. అప్ప చెప్పింది అబద్ధమేమో అని కూడా అనలేను, ఎందుకంటే ఆడపిల్లవి అన్న ఆ మాట నాదే, ఆ గొంతు నాదే.

బావగారు భోజనం చేసి తిరిగొచ్చిన చప్పుడైంది. అప్ప లేచి, అన్నం తిందువుగాని రమ్మంది. నేను కదలలేదు. గుర్తు రావడం లేదప్పా అన్నాను.

"అంత కష్టపడకు," అంది. "నాకు గుర్తున్నాది."